జకాత్‌లో వీరి వాటా

ఉస్మాన్‌గంజ్ హమాలీ ఇంట డౌన్ సిండ్రోమ్ బిడ్డ పుడితే బస్తీ వేలు ముందుగా తల్లి వైపే చూపుతుంది. 21వ క్రోమోజోము అదనంగా ఉండటమే దీనికి కారణం. నజరుతో సంబంధం లేదు. ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి గుండె లోపం ఉంటుంది గనుక, తావీజుల కోసం తిరిగే నెలలు ప్రాణాల మీదికి తెస్తాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో జాతీయ సంస్థ ఉన్నది. అయితే అక్కడికి వెళ్లిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోతుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, వైకల్య ధ్రువపత్రం ఉన్న పిల్లలకు 18 ఏళ్ల వరకు ఉచిత విద్యను హక్కు చేసింది. నిరామయ బీమా లక్ష రూపాయల వరకు వైద్యానికి ఆదుకుంటుంది. ఈ దరఖాస్తులు నింపిపెట్టే మనిషే బస్తీలో కరవు. పేద తల్లిదండ్రులు కోల్పోయే ఆ కూలిని, ఆటో కిరాయిని మసీదు కమిటీలు జకాత్ నుంచి ఇవ్వాలనీ, జుమా నమాజు తర్వాత ఒక గంటసేపు దరఖాస్తుల బల్ల వేయాలనీ మేము కోరుతున్నాము. రంజాన్ దాకా ఆగనక్కరలేదు.