చంటిపిల్లతో షికారా?

సెలవు కాగితంలో కారణం రాయాల్సిన చోట ‘విశ్రాంతి’ అని రాశాను. పదిహేను రోజులకు. దాన్ని అందుకున్న అక్క నాకంటే పదేళ్లు పెద్దది, ఈ పనిలోకి నన్ను చేయి పట్టుకుని తెచ్చిన మనిషి. కళ్లజోడు సవరించుకుని, “కుటుంబ అవసరం అని రాయి, ఎవరూ అడగరు” అంది. పాపకు జ్వరం అంటే సెలవిస్తారు. అత్తగారికి ఆపరేషన్ అంటే ఇస్తారు. పాపను తీసుకుని మలేషియాలో కారు నడుపుకుంటూ మెల్లగా తిరిగొస్తానంటే మాత్రం నీళ్లు నములుతారు. “మొన్నేగా 26 వారాలు రెస్టు తీసుకున్నావు” అని ఇంకొకామె నవ్వుతూ అంది. 2017లో చట్టం సవరించి ఇచ్చిన ఆ 26 వారాల ప్రసూతి సెలవులో నేను వరసగా మూడు గంటలు నిద్రపోయిన రాత్రి ఒక్కటి కూడా గుర్తులేదు. కుట్లు మానడానికీ, రాత్రీ పగలూ పాలివ్వడానికీ పోయిన కాలం విశ్రాంతి ఎలా అయింది? స్త్రీల హక్కుల కోసం పనిచేసే చోట ఈ మాట వినాల్సి వచ్చింది కాబట్టే ఇది రాస్తున్నాను.

మాది శాలిబండ. పాప పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రిలో పుట్టింది, ఇప్పుడు ఎనిమిదో నెల. రెండేళ్లు నెలనెలా చిట్టీ కట్టి పాడుకున్న డబ్బు, దానికి తోడు నా పి.ఎఫ్.లో కొంత. మా ఆయనకు స్కూటర్ తప్ప కారు రాదు. నేను పెళ్లికి ముందే, తెల్లవారుజామున తోపుడు బళ్లు రాకముందు, మదీనా నుంచి చార్మినార్ దాకా ఖాళీ రోడ్డు మీద నేర్చుకున్నాను. కనుక నడిపేది నేను. వెనక సీట్లో పాప పక్కన కూర్చుని గుడ్డలు మార్చేది ఆయన. ఈ ఏర్పాటు విన్నప్పుడు మా అత్తమ్మ నోటి మీద చేయి వేసుకుంది. “మొగోడు పోరిని ఎత్తుకొని ఎనక కూసుంటడా, నువ్వు బండి తోల్తవా? గట్ల ఏడన్న ఉంటదా బిడ్డా?” ఉంటదత్తమ్మా, మనింట్లోనే ఉంటది అన్నాను.

నడిపేదీ పాలిచ్చేదీ ఒకే మనిషి అయినప్పుడు ప్రయాణం ఎలా ఉండాలి? అన్నింటికంటే ముందు మెల్లగా ఉండాలి. కౌలాలంపూర్ నుంచి పెనాంగ్ మూడొందల యాభై కిలోమీటర్లు. 1994లో పూర్తయిన ఎక్స్‌ప్రెస్ హైవే మీద నాలుగు గంటల్లో పోవచ్చంటారు. మేం పది రోజులు పెట్టుకున్నాం. చంటిపిల్లను సీటుకు బిగించి రెండు గంటలకు మించి కూర్చోబెట్టకూడదు. ఆ రెండు గంటలు కూడా మా పాప ఒప్పుకుంటేనే. అక్కడా మనలాగే ఎడమ పక్కనే నడపాలి కాబట్టి ఆ బెంగ లేదు. హైవే పొడుగునా బళ్లు ఆపుకునే విశ్రాంతి స్థలాలున్నాయి. అక్కడ మరుగుదొడ్లు, తిండి దుకాణాలు, నమాజు గదులు ఉంటాయి. కామెరూన్ కొండల మీది తేయాకు తోటలు చూడాలని ఉంది కానీ ఆ మలుపుల్లో పాప కక్కుతుంది, వద్దనుకున్నాం. ఈపోలో మూడు రాత్రులు. మధ్యాహ్నం పాప నిద్ర వేళ రోడ్డెక్కకూడదు. 9 నెలలు నిండాక వేసే తట్టు, రూబెల్లా సూది వేయించాకే బయలుదేరాలి. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఆర్.టి.ఎ. వాళ్లే ఇస్తారు, ఏడాది చెల్లుతుంది.

మలేషియాలో 2020 జనవరి నుంచి కారులో పిల్లల సీటు తప్పనిసరి. మన దగ్గర కూడా 2019 మోటారు వాహనాల సవరణలో 194బి సెక్షన్ ఉంది. పద్నాలుగేళ్లలోపు పిల్లలకు బెల్టో, పిల్లల సీటో లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. శాలిబండలో ఈ మాట చెప్తే నవ్వుతారు. ఇక్కడ పిల్లల సీటంటే తల్లి ఒడి, అదీ స్కూటర్ మీద, ఎర్రటి ఎండలో. కనుక సీటు ఇక్కడే కొని, పాపను వెనక్కి తిప్పి కూర్చోబెట్టి, ఆదివారాలు చాంద్రాయణగుట్ట దాకా అలవాటు చేస్తున్నాం. గల్లీ పిల్లలంతా కారు చుట్టూ మూగి చూస్తారు.

పాప పాస్‌పోర్టుకు వెళ్లినప్పుడు కౌంటర్‌లో ఆయన దరఖాస్తు నా చేతిలోంచి తీసుకుని ప్రశ్నలన్నీ మా ఆయన్ని అడిగాడు. ఎందుకు వెళ్తున్నారు, ఎన్నాళ్లు, అక్కడ ఎవరున్నారు. జవాబులన్నీ నేనే చెప్పాను. అయినా ఆయన చూపు ఇటు తిరగలేదు. గీతా హరిహరన్ కేసులో తల్లి కూడా సహజ సంరక్షకురాలే అని సుప్రీంకోర్టు 1999లో చెప్పింది. 2016 డిసెంబరు నుంచి పాస్‌పోర్టు దరఖాస్తులో తల్లిదండ్రుల్లో ఒకరి పేరిచ్చినా చాలు. విదేశాలకు వెళ్లడం ఆర్టికల్ 21 కింద వ్యక్తిస్వేచ్ఛలో భాగమని 1978లో తేల్చిన తీర్పు ఒక స్త్రీ, మేనకా గాంధీ, తన పాస్‌పోర్టు కోసం వేసిన కేసులోనే వచ్చింది. చట్టం ఇన్నేళ్లలో ఇంత నడిచింది. కౌంటర్ వెనక కుర్చీ మాత్రం ఉన్నచోటే ఉంది.

అయితే ఆయన మీద నాకంత కోపం లేదు. నా కోపం మన మీద.

మా గల్లీలో ఒకామె పద్నాలుగు నెలల కొడుకును తల్లి దగ్గర వదిలి గల్ఫ్‌కు ఇంటిపనికి పోయింది. పాలింకా ఆరలేదు. ముప్ఫై ఏళ్లు నిండని స్త్రీకి అక్కడ ఇంటిపనికి ప్రభుత్వ అనుమతి రాదు. అందుకని ఏజెంటు విజిట్ వీసా మీద పంపాడు. ఆ రోజు గల్లీలో ఒక్కరూ “పసివాణ్ణి వదిలి ఎట్లా పోతావే” అనలేదు. అప్పు తీరాలి, ఇల్లు లేవాలి. ఆమెను తప్పు పట్టడం లేదు, ఆమె ముందు ఇంకో దారి లేదు. కానీ అదే గల్లీ, బిడ్డను ఒళ్లో పెట్టుకుని పోయే నన్ను మాత్రం నిలదీస్తోంది. తేడా ఒక్కటే. ఆమె పోయింది చాకిరీకి.

మా చిన్నమ్మ సంగతి తీసుకోండి. గౌలిపురా ఇల్లు దాటి ఎరగని మనిషి, మూడుసార్లు అమెరికా పోయి వచ్చింది. మూడూ పురుళ్లే, వెళ్లినప్పుడల్లా ఆరేసి నెలలు. ఆమెకూ విదేశమే, ఆమె చేతిలోనూ చంటిపిల్లే. కారు రాదు, బస్సు లేదు, కొడుకూ కోడలూ ఆఫీసుకు పోతే వంటిల్లూ, ఊయలా. నయాగరా దగ్గర ఒక ఫొటో ఉంది. అందులో చిన్నమ్మ జలపాతానికి వీపు పెట్టి, తోపుడు బండిలోని మనవడి టోపీ సవరిస్తోంది. ఇంతమంది తెలుగు అమ్మమ్మలూ నానమ్మలూ సముద్రాలు దాటి చేసే ఈ పనిని యాత్ర అందామా, పని అందామా? ఎవరూ దానికి పేరు పెట్టలేదు, కూలీ అసలే లేదు.

మా ప్రయాణంలో బగన్ దాతు అనే ఊరు కూడా ఉంది. పేరాక్ రాష్ట్రంలో, సముద్రపు ఒడ్డున, కొబ్బరి తోటల మధ్య. విశాఖ, గోదావరి జిల్లాల నుంచి కూలికి పోయిన తెలుగువాళ్లు ఆ తోటల్లో స్థిరపడ్డారు. తల్లులూ పోయారు, చంకన బిడ్డలతో. తోట యజమానికి చేతులు కావలసినప్పుడు చంటిబిడ్డ సముద్రం దాటడానికి అడ్డం రాలేదు. తల్లికి చూడాలని బుద్ధి పుట్టినప్పుడే దిష్టీ గాలీ ధూళీ అన్నీ గుర్తొస్తాయి.

“ఇది మధ్యతరగతి విలాసం, బస్తీ ఆడవాళ్లకు అన్నమే లేదు” అని మిత్రులంటారు. డబ్బున్నదాన్నే, కాదనను. కానీ నేను మానేస్తే బస్తీ ఆడవాళ్లకు ఏం దొరుకుతుంది? బార్కస్ నుంచి లాడ్ బజార్‌కు గాజులకు వచ్చిన తల్లి బిడ్డ ఏడిస్తే ఎక్కడ కూర్చుని పాలిస్తుంది? ఏ బట్టల కొట్టువాడో దయతలచి పరదా వెనక చోటిస్తే ఇస్తుంది, లేకపోతే ఏడ్చే బిడ్డతోనే ఆటో ఎక్కుతుంది. నాకు హైవే పక్కన కావలసిందీ, ఆమెకు చార్మినార్ పక్కన కావలసిందీ ఒకటే కదా. నీడ, నీళ్లు, శుభ్రమైన దొడ్డి, తొందర పెట్టని పావుగంట. ‘షికారు అవసరమా’ అన్న మాటను మనమే అంటూ ఉంటే, ఆ పావుగంట ఎవర్ని అడుగుతాం?

మేడే నాడు జెండా ఎగరేసి ఎనిమిది గంటల పని, ఎనిమిది గంటల విశ్రాంతి, ఎనిమిది గంటలు మన ఇష్టం అని చెప్పుకుంటాం. ఆ మూడో ఎనిమిది గంటల్ని ఏ తల్లి లెక్కలో రాశాం? 1993లో మన దేశం ఆమోదించిన స్త్రీల వివక్ష నిర్మూలన ఒప్పందంలో 13వ ఆర్టికల్ వినోదంలో పాల్గొనే హక్కు గురించి, 15వ ఆర్టికల్ స్వేచ్ఛగా తిరిగే హక్కు గురించి చెబుతాయి. శిక్షణ తరగతుల్లో హింస, ఆస్తి, వేతనం దగ్గరికి వచ్చేసరికి పొద్దుపోతుంది, 13ను ఎప్పుడూ దాటేస్తాం. నేనూ దాటేశాను, చాలాసార్లు.

1990 నవంబరు 6న రియాద్‌లో 47 మంది స్త్రీలు కార్లు నడిపి ఉద్యోగాలూ పాస్‌పోర్టులూ పోగొట్టుకున్నారు. అక్కడ ఆడవాళ్లకు స్టీరింగ్ చట్టబద్ధం కావడానికి 2018 జూన్ దాకా పట్టింది. వాళ్లను ‘ఎక్కడికి పోవాలని’ అని అడిగినవాళ్లను మనం పురుషాహంకారులన్నాం.

అందుకని కార్యవర్గానికి నా కోరిక ఇది. మన సెలవుల నియమాల్లో ‘కారణం’ అన్న గడి తీసెయ్యండి. జీతం మీద పనిచేసే ప్రతి ఒక్కరికీ, ఊడ్చే యాదమ్మలకూ కలిపి, ఏడాదికి పదిహేను రోజులు అడక్కుండా ఇవ్వండి. బిడ్డ ఉన్నవాళ్లకు ప్రసూతి సెలవును అందులో కోయకండి. వచ్చే సమావేశంలో చర్చకు పెట్టమని విడిగా రాసి ఇచ్చాను.

నా సెలవు కాగితం ఇంకా అక్క బల్ల మీదే ఉంది. ‘విశ్రాంతి’ని నేను కొట్టెయ్యలేదు. నిన్న సాయంత్రం అత్తమ్మ పాపకు నూనె రాస్తూ, ఆ కారులో వెనక ఇంకొకరికి చోటుంటదా అని అడిగింది.