నేల మీది చోదకుడు

రేడియో నియంత్రిత నమూనా విమానాన్ని నడపడం ఎవరికి వారే నేర్చుకోవచ్చునా అని అడిగితే, నిస్సందేహంగా నేర్చుకోవచ్చునని నా అభిప్రాయం. అయితే ఇందులో ఒక షరతు ఉన్నది. గురువు లేకుండా నేర్చుకోవడమంటే పరీక్షకుడు లేకుండా నేర్చుకోవడం కాదు. ఆ బాధ్యతను కూడా అభ్యాసకుడే స్వీకరించాలి. స్వయంశిక్షణను చాలామంది సులువైన మార్గంగా భావిస్తారు. నిజానికి అదే కఠినమైనది. తప్పు చేసేవాడూ తానే, దానిని పట్టుకోవలసినవాడూ తానే.

ముందుగా ఆ యంత్రం సంగతి కొంత తెలుసుకోవాలి. నేల మీద నిలుచున్నవాడి చేతిలో ట్రాన్స్‌మిటర్ ఉంటుంది. దానిపై రెండు మీటలు ఉంటాయి. మీట కదిలితే ఆ సమాచారం రేడియో తరంగాల రూపంలో విమానంలోని రిసీవర్‌కు చేరుతుంది. రిసీవర్ ఆదేశం మేరకు సర్వోలనే చిన్న మోటార్లు రెక్కల చివర ఉండే ఏలరాన్లనూ, తోక భాగంలోని ఎలివేటర్‌నూ, రడ్డర్‌నూ కదుపుతాయి. ప్రొపెల్లర్ వేగాన్ని థ్రాటిల్ నిర్ణయిస్తుంది. అమెరికాలో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే కవల సోదరులు 1937లో ‘గఫ్’ అనే నమూనా విమానాన్ని రేడియో సాయంతో ఎగురవేశారు. వాక్యూమ్ ట్యూబుల కాలంలో వారు అంత శ్రమపడి సాధించినది ఇప్పుడు అరచేతిలో ఇమిడిపోయింది. పరికరాలు సులభమైనాయి. విద్య మాత్రం సులభం కాలేదు.

స్వయంశిక్షణ అనగానే మనకు ఏకలవ్యుడు స్ఫురిస్తాడు. కానీ అతని విద్యకూ దీనికీ ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. విడిచిన బాణం తిరిగి రాదు. విమానం తిరిగి వస్తుంది, రావాలి కూడా. చిక్కంతా అక్కడే. విమానం మననుండి దూరంగా వెళ్తున్నంతసేపు దాని కుడి మన కుడే. అది మలుపు తిరిగి మనవైపు వచ్చినప్పుడు దాని కుడి మనకు ఎడమ అవుతుంది. అప్పుడు మీటను కుడికి నెట్టితే విమానం మన కన్నులకు ఎడమకు ఒరుగుతుంది. ఈ సంగతి బుద్ధికి ఒక నిమిషంలో అర్థమవుతుంది. చేతికి అర్థం కావడానికి వారాలు పడుతుంది. కొత్తవారి విమానాలు అనేకం ఈ మొదటి మలుపులోనే నేలకూలుతాయి. దీనికి అనుభవజ్ఞులు చెప్పే ఉపాయం ఒకటున్నది: విమానం ఎదురుగా వస్తున్నప్పుడు ఏ రెక్క కిందికి వాలిందో ఆ వైపుకే మీటను నెట్టాలి. వాలుతున్న రెక్కకు ఊతం ఇస్తున్నట్లుగా భావిస్తే చాలు. ఆలోచన లేకుండా చేయి ఆ పని చేసేదాకా నేర్చుకోవడం పూర్తికానట్లే.

కనుక మొదటి పాఠాలు మైదానంలో కాదు, కంప్యూటర్ ముందు సాగాలి. విమానాన్ని నడిపినట్లే అనుభవాన్నిచ్చే సిమ్యులేటర్లు నేడు లభిస్తున్నాయి. అందులో నూరుసార్లు కూలినా రూపాయి ఖర్చు లేదు. దీనిని ఆటగా భావించి తేలికగా చూసేవారితో నేను ఏకీభవించలేను. ఈతకు గట్టు మీద సాధన పనికిరాదు కానీ, ఈ విద్యకు మాత్రం గట్టు మీది సాధనే సగం విద్య. చోదకుడు ఎలాగూ గట్టు మీదనే ఉంటాడు గదా!

ఇక విమానాన్ని ఎంచుకొనే విషయం. దుకాణంలో చూడగానే మనసు యుద్ధ విమానాల నమూనాల మీదికి పోతుంది. అవి వేగం తగ్గితే నిలకడ కోల్పోతాయి. అభ్యాసకునికి కావలసింది రెక్క శరీరానికి పైభాగాన ఉండి, రెండు వైపులా కొద్దిగా పైకి లేచినట్లున్న నెమ్మదైన విమానం. మీటలు వదిలివేస్తే అది చాలావరకు తనంత తానే సర్దుకుంటుంది. వీలైతే దానిని ఫోమ్ షీట్లతో స్వయంగా తయారుచేసుకోవడమే మేలు. స్వయంగా అతికించినవాడికి ఏ కీలు ఎక్కడ ఉన్నదో తెలుస్తుంది. విరిగితే మళ్ళీ అతికించుకోగలడు. గరిమనాభిని సరిచూసుకోవడం కూడా అప్పుడే అలవడుతుంది. భౌతికశాస్త్ర గ్రంథంలో చదివి మరచిపోయే ఆ మాట ఇక్కడ ప్రాణప్రదమైనది. సాధారణంగా అది రెక్క ముందంచు నుండి వెడల్పులో నాలుగో వంతుకూ మూడో వంతుకూ నడుమ ఉండాలి. ముక్కు బరువైన విమానం సరిగా ఎగరదు, తోక బరువైన విమానం ఒకేసారి ఎగురుతుందని ఈ విద్యలో ఆరితేరినవారు నవ్వుతూ చెప్తారు.

కూలిపోవడమే గొప్ప గురువని ఒక మాట తరచుగా వినిపిస్తుంది. ఈ మాటను నేను అంగీకరించను. కూలిన విమానం తనంత తాను ఏమీ చెప్పదు. అడిగినవాడికే చెప్తుంది. భయపడిన చేయి ఎలివేటర్ మీటను వెనుకకు లాగుతుంది. ముక్కు పైకి లేస్తుంది, వేగం తగ్గుతుంది, రెక్కల మీద గాలి పట్టు తప్పుతుంది, విమానం రాయిలా పడుతుంది. ఇలా పడినవాడు ‘గాలి ఎక్కువగా ఉన్నది’ అని సరిపెట్టుకుంటే మరునాడు కూడా అలాగే పడతాడు. పడక ముందు మీట ఏ స్థితిలో ఉన్నది? వేగం ఎంత? గాలి ఎటు వీస్తున్నది? ఈ ప్రశ్నలు ఒక పుస్తకంలో రాసుకొని, నిజమైన జవాబు దొరికేదాకా రెండో విమానాన్ని విప్పకూడదు.

రైట్ సోదరుల చరిత్రలో నన్ను ఎక్కువగా ఆకర్షించేది 1903 డిసెంబరు 17 కాదు. 1901 సంవత్సరం. ఆ ఏడు వారి గ్లైడర్ వారు లెక్కవేసినంత ఎత్తుడు బలాన్ని ఇవ్వలేదు. వారికి నేర్పడానికి ఇంజను విమానం నడిపినవాడు ఈ లోకంలోనే లేడు. గాలిని నిందించకుండా, తాము నమ్మిన లెక్కలనే వారు సందేహించారు. డేటన్‌లోని తమ సైకిల్ దుకాణంలో ఒక గాలి సొరంగాన్ని నిర్మించి, సుమారు రెండు వందల రెక్కల ఆకృతులను పరీక్షించారు. 1902లో వందలసార్లు గ్లైడర్‌తో గాలిలో జారారు. ఆ తరువాతనే ఇంజను సంగతి. పరీక్షకుని బాధ్యత అని నేను మొదట అన్నది దీనినే.

ఇప్పుడు కొత్త విమానాలలో గైరో పరికరాలు వస్తున్నాయి. గాలి తోసినా, చేయి తడబడినా అవే సర్దుకుంటాయి. ఇవి వచ్చాక నేర్చుకోవడం ఎందుకని కొందరి వాదన. నడక నేర్చే బిడ్డకు మూడు చక్రాల బండి ఉండవచ్చు, తప్పులేదు. కానీ గైరోను ఎప్పుడు ఆపివేయాలో ముందే నిర్ణయించుకోకపోతే, విమానాన్ని నడుపుతున్నది తానో పరికరమో చోదకునికి తెలియకుండా పోతుంది.

యంత్రం మీద ఆధారపడడమే తప్పని నా భావం కాదు. 2003 ఆగస్టులో మేనార్డ్ హిల్ బృందం పంపిన నమూనా విమానం కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ నుండి ఐర్లాండ్ దాకా సుమారు 3,000 కిలోమీటర్లు, 38 గంటలకు పైగా ఎగిరింది. బరువు 5 కిలోలు. సముద్రం మీద దానిని నడిపింది స్వయంచాలక యంత్రమే. అప్పటికి హిల్ వయస్సు 77. చూపు, వినికిడి రెండూ బాగా మందగించాయి. అంతకు ముందు పంపిన విమానాలు గమ్యం చేరలేదు. అయినా మరొకటి నిర్మించాడు. ఆ యంత్రాన్ని అతడు ఎరుగును. అసలు తేడా అదే.

నేర్చుకొనేవాడు తన విమానాన్ని ఎన్నిసార్లు విరగ్గొట్టుకున్నా అభ్యంతరం లేదు. అది అతని సొమ్ము, అతని శ్రమ. ఇతరుల తల మీద పడే హక్కు మాత్రం అతనికి లేదు. కిలో బరువున్న విమానం వేగంగా వచ్చి తగిలితే ఆటబొమ్మ అనిపించుకోదు. తిరిగే ప్రొపెల్లర్ వేళ్ళను కోస్తుంది. దెబ్బతిని ఉబ్బిన లిథియం పాలిమర్ బ్యాటరీకి మళ్ళీ చార్జింగ్ పెడితే ఇల్లు అంటుకోవచ్చు. ఇవి పడి లేచి నేర్చుకొనే విషయాలు కావు. మనదేశంలో 2021 నాటి డ్రోన్ నియమాలు గగనతలాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విభజించాయి. విమానాశ్రయాలకు చేరువలో ఇష్టానుసారం ఎగురవేయడం నేరం. అమలులో ఉన్న నియమాలను చదువుకొని, కోతలైన పొలమో, జనసంచారం లేని మైదానమో యజమాని అనుమతితో చూసుకోవాలి. ఉదయపు నిశ్చలమైన వేళ అన్నిటికన్నా అనుకూలం.

ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా, ఒకనాడు విమానం అదుపు తప్పి మనుషులున్న వైపు మళ్ళవచ్చు. అప్పుడు దానిని కాపాడుకోవాలని చేయి ఆరాటపడుతుంది. చేయవలసినది వేరు: మోటారును ఆపి, ఖాళీగా ఉన్న నేల మీదికి దానిని పడవేయడం. నెలల శ్రమ తునకలవుతుంది. నిర్ణయానికి దొరికే వ్యవధి రెండు మూడు సెకన్లు మాత్రమే. అందుచేత ఆ నిర్ణయాన్ని మైదానంలో కాక, విమానానికి ఇంకా జిగురు ఆరకముందే, ఇంటివద్దనే తీసుకోవాలి.