శాస్త్రం ఎవరిది?

మా అమ్మలు పిల్లల మెడలో తాయెత్తు కడితే మూఢనమ్మకం. పక్కింట్లో వాకిలి మార్పిస్తే వాస్తు శాస్త్రం. మేం నెలవంకని కంటితో చూసి పండగ చేసుకుంటే ఛాందసం. పంచాంగం చూసి లగ్నం పెడితే జ్యోతిష శాస్త్రం. తెలుగులో సైన్సుకీ అదే మాట, శాస్త్రోక్తానికీ అదే మాట. ఆ ఒక్క మాట చాటున మీ నమ్మకం జ్ఞానమైపోతుంది, మాది అజ్ఞానంగా మిగిలిపోతుంది.

2001లో యూజీసీ విశ్వవిద్యాలయాల్లో జ్యోతిష కోర్సులు పెట్టిస్తానంది. హైదరాబాదులో సీసీఎంబీని స్థాపించిన పి.ఎం. భార్గవ అది సైన్సు కాదంటూ కోర్టుకెక్కారు. హైకోర్టు కాదంది. 2004లో సుప్రీంకోర్టూ కాదంది. ఏది సైన్సో తేల్చాల్సింది పరీక్షా, తీర్పా?

మా గోదావరి గట్టుకే వద్దాం. 144 ఏళ్లకోసారి వచ్చే మహా పుష్కరమని ఊదరగొట్టారు. 2015 జులై 14న రాజమండ్రి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాటలో 27 మంది చనిపోయారు. ఎక్కువమంది ఆడవాళ్లే. పన్నెండు రోజులూ ఉండే నదికి మొదటి ఘడియల్లోనే పుణ్యముందని చెప్పిందెవరు? విచారణ చేసిన సోమయాజులు కమిషన్ కూడా ముహూర్తం మీద జరిగిన అతి ప్రచారాన్ని తప్పుబట్టింది.

వేలు మీవైపే చూపించి తప్పుకోం. అదే ఏడాది సెప్టెంబరు 24న హజ్‌లో, మినా దగ్గర తొక్కిసలాట జరిగింది. సౌదీ లెక్క 769. వార్తా సంస్థలు దేశదేశాల లెక్కలు కూడితే రెండు వేలు దాటింది. అక్కడి గ్రాండ్ ముఫ్తీ అది విధి అన్నాడు. మేం ఎంతమందిమి నిలదీశాం? వెయ్యేళ్ల కిందట ఇబ్న్ అల్ హైతమ్ మావాడేనని మైకుల్లో చెప్పుకుంటాం. ఆయన టాలమీ అంతటివాణ్ణే సందేహించాడు. ఆయన పేరు కావాలి గానీ ఆయన సందేహం మాకొద్దు. సైన్సంతా మా గ్రంథంలోనే ఉందనే మౌల్వీకీ, విమానాలు మా పురాణాల్లోనే ఉన్నాయనే పంతులుకీ తేడా టోపీలోనే.

నమ్ముకోండి, మేమూ నమ్ముకుంటాం. నమాజు మాది, స్నానం మీది. దాన్ని శాస్త్రమనకండి, మాదాన్ని మౌఢ్యమనకండి. రెంటినీ ఒకే తక్కెట్లో వేయండి. ధవళేశ్వరం దగ్గర నీళ్లు 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక ఇస్తారు. ఆ కొలత కులం అడగదు, మతం అడగదు. వరదొస్తే మసీదు వీధీ మునుగుతుంది, అగ్రహారమూ మునుగుతుంది. మాకు కావలసింది అలాంటి కొలత. అది మీ చేతికిచ్చి మమ్మల్ని కొలిపించుకోవడానికి ఇక సిద్ధంగా లేం. మేమూ కొలుస్తాం. ముందు మమ్మల్ని, తర్వాత మిమ్మల్ని.