తలలో కందిగింజ

బడినుంచి వచ్చిన పదేళ్ల పిల్ల పుస్తకాల సంచీ దింపుతూ, ఉన్నట్టుండి కిందపడి కాళ్లూ చేతులూ కొట్టుకున్నదనుకోండి. రెండు నిమిషాలలో అంతా సర్దుకుంటుంది. పిల్ల లేచి మంచినీళ్లడుగుతుంది. కాని ఆ రాత్రి ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. బామ్మగారు చేతిలో తాళంచెవులు పెట్టలేదేమని కేకలేస్తారు. తల్లి, “ఈ మాట బయటికి పొక్కనివ్వకండి. రేపు దానికి పెళ్లి కావద్దూ?” అని భర్తను బతిమాలుతుంది.

దాచితే పోయే జబ్బు కాదిది. మూర్ఛకు కారణాలు అనేకం. వాటిలో ఒకటి మన దేశంలో ఎలా బయటపడిందో తెలుసుకుంటే ఆ తల్లికి కొంత ధైర్యం కలుగుతుంది.

మామూలు ఎక్స్‌రే తల ఎముకను చూపుతుందిగాని, లోపలి మెదడును చూపలేదు. ఆ కొరత తీర్చినది సి.టి. స్కాను. హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు తయారుచేసిన ఈ యంత్రంతో 1971లో లండనులో మొదటిసారిగా ఒక రోగి తలను పరీక్షించారు. ఇది తలచుట్టూ పలువైపులనుంచి ఎక్స్‌రే కిరణాలు పంపుతుంది. ఆ లెక్కలన్నిటినీ కంప్యూటరు కూర్చి, కత్తి పెట్టకుండానే మెదడును పొరలు పొరలుగా చూపుతుంది. ఇందుకు 1979లో ఆయనకు, కార్మాక్ అనే శాస్త్రజ్ఞునితో కలిపి నోబెల్ బహుమానం ఇచ్చారు.

ఈ యంత్రం మన దేశానికి వచ్చాక ఒక చిక్కు ఎదురైంది. మూర్ఛ వచ్చిన చాలామంది మెదడులో కందిగింజంత మచ్చ ఒక్కటే కనిపించేది. క్షయ మనకు కొత్తది కాదు కనుక, అది క్షయగడ్డే అనుకొని నెలల తరబడి క్షయమందులు మింగించేవారు. అయితే వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ చాందీ, డాక్టర్ రాజశేఖర్ ప్రభృతులు అటువంటి మచ్చలను కొందరిలో తీసి సూక్ష్మదర్శినితో పరీక్షించారు. వాటిలో ఎక్కువభాగం క్షయ కానేకాదు, బద్దెపురుగు పిల్ల పొదిగిన తిత్తి! 1991 నాటికి ఈ సంగతి వైద్యలోకానికి స్పష్టంగా తెలిసింది.

“మా ఇంట్లో మాంసమే ముట్టమే!” అనవచ్చు మీరు. ఇక్కడే ఉంది తిరకాసు. సరిగా ఉడకని పందిమాంసం తిన్నవారి పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. దాని గుడ్లు మలంతో బయటికి వస్తాయి. కడగని చేతులద్వారా, నీటిద్వారా, పచ్చికూరలద్వారా ఆ గుడ్లు ఎవరి కడుపులోకైనా చేరవచ్చును. అక్కడ పొదిగిన పిల్లపురుగు రక్తంలో పడి మెదడుకు చేరుతుంది. దానికి శాకాహారి అనీ, మాంసాహారి అనీ తేడా లేదు.

మరి బొమ్మలో రెండు జబ్బులూ ఒకేలా ఉంటే గుర్తుపట్టడమెలా? మచ్చ 20 మిల్లీమీటర్లకు లోపు, గుండ్రంగా ఉంటే పురుగు అని అనుమానిస్తారు. అంతకంటె పెద్దదై, అంచులు వంకరగా ఉండి, మెదడును పక్కకు నెడుతుంటే క్షయను తలుస్తారు. ఒక్కొక్కప్పుడు ఎం.ఆర్.ఐ.లో తిత్తిమధ్య పురుగు తల చుక్కలా కనిపించి సందేహం తీరుస్తుంది. అయినా బొమ్మ ఒక్కటే తీర్పు చెప్పదు. డాక్టరు రోగినికూడా చూడాలి, జ్వరమున్నదా, చిక్కిపోతున్నాడా అని అడగాలి. అందుకే పాత స్కానులు పారవేయకండి. కొన్ని నెలల తర్వాత తీసిన స్కానుతో పోల్చవలసి వస్తుంది.

ఇటువంటి ఒంటి మచ్చలు చాలావరకు కొన్ని నెలలలో వాటంతట అవే కరిగిపోతాయి. అంతవరకు మూర్ఛమందు ఒక్క పూటకూడా మానకూడదు. డాక్టరు ఆపమన్నప్పుడే ఆపాలి. మూర్ఛ వచ్చినప్పుడు తాళంచెవులు వెతకకండి, నోట్లో ఏదీ కుక్కకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. అయిదు నిమిషాలు దాటినా తగ్గకపోతే వెంటనే ఆస్పత్రికి తీసుకుపోండి.

ఆ తల్లి దాచవలసినదేమీ లేదు. పిల్లను డాక్టరుకు చూపించాలి. భోజనానికి ముందు ఇంట్లో అందరిచేతా సబ్బుతో చేతులు కడిగించాలి.