రెండు గోడలు

మన గోడపత్రిక చదవాలంటే కాళ్ళు నొప్పి పుట్టేదాకా నిలబడాలి. ముందున్నవాడి తల అడ్డమొస్తే కాస్త జరగమనాలి. అక్షరాలు కోడి గీకినట్టుంటే రాసినవాణ్ణే పిలిచి అడగాలి. ఇన్ని తిప్పలున్నా ఫోనులో ఉండే గోడ కంటే మన గోడే మేలని నా అభిప్రాయం. నవ్వకండి, కారణాలు చెబుతాను.

ఫోనులో గోడేమిటంటారా? ఫేస్‌బుక్కు వాళ్ళు 2004లో, ఒకరి పేజీమీద ఇంకొకరు రాసే చోటుకు 'వాల్' అని పేరు పెట్టారు. వాల్ అంటే గోడే గదా! 2011లో ఆ పేరు తీసేసి టైమ్‌లైన్ అన్నారు. పేరు పోయింది గానీ గోడమీది రాతలు పోలేదు. ఇప్పుడవి వాట్సాప్‌లో కూడా ఊళ్ళు తిరుగుతున్నాయి.

సెలవులకు తెనాలి, బాపట్ల, రేపల్లె వెళ్ళొచ్చిన మనవాళ్ళు చెప్పే ముచ్చట్లు వింటే పొట్ట చెక్కలవుతుంది. తెనాలిలో ఒకడి బాబాయి తెల్లారి 5 గంటలకే లేచి 60 మందికి గులాబీ పువ్వుతో శుభోదయం పంపుతాడట. ఎదురుగా కాఫీ పెట్టిన పిన్నితో మాత్రం మధ్యాహ్నం దాకా మాట ఉండదు. బాపట్లలో ఒకరి మేనమామ లోకంలోని రోగాలన్నిటికీ ఫోనులో మందు చూసి అందరికీ పంపుతాడు. ఆయన మోకాళ్ళ నొప్పి మాత్రం ఆయన దగ్గరే ఉంది. రేపల్లె తాతయ్య ఒకాయన రైలు ఎక్కడిదాకా వచ్చిందో ఫోనులో చూస్తూ కూర్చుంటే, ఆ రైలు ఎదురుగా వచ్చి ఆగి వెళ్ళిపోయిందట!

2016 నవంబరులో 2000 రూపాయల నోటు వచ్చినప్పుడు దాంట్లో చిప్పు ఉందనీ, భూమిలో పాతిపెట్టినా పైనుంచి కనిపెడతారనీ ఫోన్లన్నీ మోగిపోయాయి. 2023 మే నెలలో రిజర్వు బ్యాంకు ఆ నోటును వెనక్కి తీసుకుంటున్నామని చెప్పేసింది. చిప్పు మాత్రం ఎవరికీ దొరకలేదు. ఎద్దు ఈనిందంటే దూడను గాట కట్టెయ్యమన్నట్టు లేదూ!

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఇక్కణ్ణుంచి నవ్వు రాదు.

2018 మే నెలలో మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 'పార్థీ ముఠా దిగింది, పిల్లల్ని ఎత్తుకుపోతోంది' అని ఫోన్లలో పుకారు పుట్టింది. అదంతా అబద్ధమని పోలీసులు మొత్తుకున్నారు. వినేదెవరు? ముక్కూ మొహం తెలియనివాళ్ళను, అడుక్కునేవాళ్ళను పట్టుకుని కొట్టారు. ప్రాణాలు కూడా పోయాయి. అదే ఏడాది జూలై 1న మహారాష్ట్రలో ధూలే జిల్లా రైన్‌పాడా గ్రామంలో, సంచారం చేస్తూ అడుక్కుని బతికే జాతివాళ్ళు అయిదుగురిని పిల్లల దొంగలనుకుని కొట్టి చంపేశారు. ఇంకోమాట. పార్థీ అనేది మహారాష్ట్ర వైపు ఉండే ఒక గిరిజన తెగ పేరు. తెగ పేరు పక్కన ముఠా అని చేర్చడానికి ఎవరి బొటనవేలూ నొప్పెట్టలేదు.

మాకిది కొత్త కాదు. మేం ఎరుకలవాళ్ళం. ఫోన్లు లేని కాలంలోనే మామీద ఇలాంటి కబురు ఒకటి తిరిగింది. 1871లో దొరలు నేరస్థ జాతుల చట్టం చేశారు. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. ఫలానా తెగలో పుట్టడమే నేరం అన్నమాట! బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా ఎరుకలవాళ్ళను తెచ్చి కూర్చోబెట్టిన సెటిల్‌మెంటే. దొర పేరే ఊరి పేరయింది. 1952లో చట్టం రద్దయింది. కబురు మాత్రం రద్దు కాలేదు. ఆ ఊరి పేరు వినగానే చేతిసంచి దగ్గరకు లాక్కునేవాళ్ళు ఇంకా ఉన్నారు. దొరలు పంపిన కబురును మనవాళ్ళు ఇన్నేళ్ళుగా ఒకరికొకరు పంపుకుంటూనే ఉన్నారన్నమాట.

మా అమ్మమ్మ సోది చెప్పేది. సోది మూఢనమ్మకమని మీరంటే నేను కాదనను. కానీ ఆమె ఎదురుగా కూర్చుని, చెయ్యి పట్టుకుని, మొహం చూసి చెప్పేది. చెప్పింది తప్పయితే మళ్ళీ అదే వీధిలోకి వెళ్ళి నాలుగు మాటలు పడేది. ఫోనులో కబురు పంపేవాడికి ఆ బాధ లేదు. 'నాకొచ్చింది, పంపాను' అంటాడు. వాడికి పంపినవాడూ అదే మాటంటాడు. చివరికి కబురుకు అమ్మా లేదు, అబ్బా లేడు.

ఆ హత్యల తర్వాత 2018 జూలైలో వాట్సాప్ వాళ్ళు మన దేశంలో వచ్చిన కబురును ఒకేసారి 5 చోట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టారు. మంచిదే. కానీ అబద్ధానికి 5 ఇళ్ళు చాలవా? నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు పెద్దలు. ఆ నిలకడ ఫోను ఇవ్వదు, మనమే తెచ్చుకోవాలి.

ఇదంతా మనకెందుకు అంటారా? మనలో చాలామంది ఇళ్ళల్లో చదువొచ్చింది మనకే. సెలవులకు వెళ్ళగానే అమ్మ, నాన్న ఫోను చేతికిచ్చి 'ఏముందో చదివి చెప్పు' అంటారు. మనం ఏం చదివితే అదే వాళ్ళకు నిజం. అందుకని చదివాక మూడు మాటలు అడగండి. ఎవరు రాశారు? ఎప్పుడు రాశారు? ఎక్కడ జరిగింది? మూడింటికీ జవాబు లేకపోతే ఆ కబురు అక్కడే ఆగిపోవాలి. అందులో ఏదైనా తెగ పేరో, ఊరి పేరో ఉంటే ఇంకా గట్టిగా ఆగిపోవాలి. రేపు ఆ పేరు మనదే కావచ్చు.

నేను చెప్పింది తప్పనిపిస్తే కింద జాగా వదిలాను, పెన్సిలుతో రాయండి. పేరు, తరగతి మాత్రం తప్పకుండా వెయ్యాలి. ఎందుకంటే ఇది మన గోడ!