కొట్టేసినా కనపడాలి



నేను చదివింది తమిళ మీడియం. తెలుగు ఇంట్లో నేర్చిన భాష, తప్పులుంటే సర్దుకుని చదవండి. ఈసారి విషయం సాఫ్ట్‌వేర్. రిటైరైన రైల్వే గుమాస్తాకి దాంతో ఏం పని అనకండి, చివరిదాకా చదివి చెప్పండి.

పోయిన నెల హెబ్బగోడిలో మా ఇంటికి ఒక సభ్యురాలు వచ్చారు. భర్త పోయి ఆరు నెలలు. మన సభ్యత్వ యాప్‌లో ఆమె పేరు లేదు. ఒక ఫోన్ నంబరుకు ఒకే ఖాతా అని అప్పట్లో పెట్టారు. ఆ ఇంట్లో ఇద్దరికీ ఒకటే నంబరు, ఖాతా ఆయన పేరు మీద. ఆయన్ని తీసేయగానే ఆమె కూడా పోయింది. "ఇన్నేళ్లు చందా కట్టాం, నేను సంఘంలో లేనా అన్నా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

యాప్ చేసిన ముగ్గురూ మన పిల్లలే. ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం చేసుకుంటూ, ఆదివారాలు కూర్చుని పైసా తీసుకోకుండా చేశారు. ఇద్దరు ఊరు మారిపోయారు. మిగిలిన ఒక్కడి మీద కమిటీ అంతా పడింది. "అప్పుడేదో కారణం ఉండింది అంకుల్, గుర్తు లేదు" అని తల దించుకున్నాడు. ఆ రోజు సరే అని తలూపినవాళ్లం మనమే. తిలా పాపం తలా పిడికెడు, కానీ దొరికింది వాడొక్కడే.

నాలుగు రోజులు పాత వాట్సాప్ మెసేజీలు తోడితే కారణం దొరికింది. అంతకుముందు జాబితాలో కొందరి పేర్లు రెండేసి సార్లు పడి, ఎన్నికలప్పుడు గొడవైంది. దాన్ని ఆపడానికే ఆ నియమం. అంటే పిల్లవాడు తెలివితక్కువ పని చేయలేదు. కారణం తెలియక ఆ నియమం ఎత్తేసి ఉంటే పాత గొడవ మళ్లీ మొదలయ్యేది.

రైల్వేలో మాకు నేర్పిన మొదటి పాఠం ఇదే. రిజిస్టరులో తప్పు పడితే చెరపకూడదు, పైన కాగితం అంటించకూడదు. కింది అక్షరం కనపడేలా ఒక్క గీత గీసి, పక్కన సరైనది రాసి, తేదీ వేసి సంతకం పెట్టాలి. ఫైలులో నోట్ షీటు ఎందుకంటే, ఏం చేశామన్నది ఉత్తర్వులో ఉంటుంది, ఎందుకు చేశామన్నది నోటులోనే ఉంటుంది.

సాఫ్ట్‌వేర్‌లోనూ ఈ పద్ధతి ఉంది. ప్రతి పెద్ద నిర్ణయానికి ఒకటి రెండు పేజీలు రాసి పెట్టమని 2011లో మైకేల్ నైగార్డ్ అనే ఇంజనీరు రాశాడు: పరిస్థితి ఏమిటి, ఏం నిర్ణయించాం, దానివల్ల వచ్చే మంచీ చెడూ ఏమిటి. నిర్ణయం మారితే పాత కాగితం తీసేయరు, దీని స్థానంలో ఫలానాది వచ్చిందని గుర్తు పెడతారు. మా గీత లాంటిదే కదా!

కంప్యూటర్లలో అక్షరాలకు నంబర్లిచ్చే యూనికోడ్ వాళ్లదీ అదే దారి. నేను బడిలో నాలుక మడిచి నేర్చుకున్న తమిళ 'ఴ' పాత తెలుగు శాసనాల్లోనూ ఉంది. 2014లో 7.0 వెర్షన్‌లో అది తెలుగు అక్షరాల వరుసలో చేరింది. ఎందుకు చేర్చాలో చెప్పిన ప్రతిపాదనను ఈనాటికీ ఎవరైనా తెరిచి చదవొచ్చు.

"రాసి పెడితే రేపు మనల్నే పట్టుకుంటారు" అని కమిటీలో ఒకరు భయపడ్డారు. నేననేది, రాయకపోతేనే పట్టుకుంటారు. ఒక నిర్ణయాన్ని ఆ రోజు తెలిసిన సంగతులతో తూచాలి, ఈ రోజు తెలిసినవాటితో కాదు. ఆ రోజు ఏం తెలుసో కాగితం మీద లేకపోతే ఎలా తూస్తాం?

కాబట్టి నా మనవి. యాప్‌లో ఏది మార్చినా అర పేజీ తెలుగులో రాయండి: ఇబ్బంది ఏమిటి, ఇంకేం దారులు చూశాం, ఇదే ఎందుకు, ఎవరికి కష్టం రావచ్చు. ఏటా ఉగాదికి ముందు కూర్చుని అన్నీ ఒకసారి చదువుదాం. యాప్ చేసినవాళ్లు మాత్రమే కాదు, వాడేవాళ్లూ ఉండాలి. ఫోన్ లేని పెద్దవాళ్లు ముందు వరుసలో ఉండాలి.

ఆమె పేరు మళ్లీ ఎక్కించాం. పాత నియమం మీద ఒక గీత గీసి, కొత్తది ఆ పిల్లవాడి చేతే రాయించాను. కింద సంతకం మాత్రం వాడొక్కడిది కాదు, కమిటీ అందరిదీ.