గట్టు మీది నుంచి చూసిన చేను

మాది వ్యవసాయ కుటుంబం. పక్క చేను ఏపుగా ఎదిగిందంటే చాలు, మా ఊళ్ళో జనం రెండు రకాలుగా మాట్లాడతారు. "ఏముందిలే, రేపు తెగులొస్తే అంతా పోతుంది" అంటారు కొందరు. "వాడింక మన పొలాలన్నీ కొనేస్తాడు" అని బెదిరిపోతారు మరికొందరు. చేలోకి దిగి, ఏ విత్తనం వేశావు, ఎరువెప్పుడు చల్లావు అని అడిగేవాడు నూటికొక్కడు!

చైనాను గురించి పాశ్చాత్యుల రాతలు చదివినప్పుడల్లా నాకు మా ఊరి రచ్చబండే జ్ఞాపకమొస్తుంది.

వ్యాపారం పెరిగితే స్వేచ్ఛ కూడా వెంట వస్తుందని 2000లో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ వాదించారు. 2001 డిసెంబరులో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది. చైనా కూలిపోబోతోందని గోర్డన్ చాంగ్ పుస్తకం రాసిందీ ఆ ఏడాదే. చైనా ప్రపంచాన్ని ఏలబోతోందని 2009లో మార్టిన్ జాక్స్ ఇంకో పుస్తకం రాశారు. మరి జరిగిందేమిటి? చైనా కూలలేదు సరికదా, 2010లో జపానును దాటి ప్రపంచంలో రెండవ పెద్ద ఆర్థిక వ్యవస్థ అయింది. స్వేచ్ఛా రాలేదు. 2018లో అధ్యక్ష పదవికి ఉన్న కాలపరిమితినే తీసేశారు. ఎవరు పట్టిన కుందేటికి వారు మూడే కాళ్ళన్నారు!

మిత్రులారా, ఒకసారి చేలోకి దిగి చూద్దాం. 1959-61 కరువులో అక్కడ కోట్లమంది చనిపోయారు. ఆ ఆకలి మరిచిపోతే చైనా అర్థం కాదు. 1972లో నిక్సన్ వెళ్ళివచ్చిన తరువాత చైనా బయటి దేశాల నుంచి కొన్న పెద్ద సరుకేమిటో తెలుసా? 13 భారీ అమోనియా, యూరియా కర్మాగారాలు! మనం క్లాసులో బట్టీపట్టే హేబర్ పద్ధతి అక్కడ అన్నం ముద్దయింది. అదే దశాబ్దంలో యువాన్ లాంగ్‌పింగ్ సంకర వరి తయారుచేశారు. 1978లో అన్‌హుయ్ రాష్ట్రంలోని షియావోగాంగ్ అనే పల్లెలో 18 మంది రైతులు ప్రాణాలకు తెగించి, రహస్యంగా పొలాలు పంచుకొని వేలిముద్రలు వేశారు. దిగుబడి పెరిగింది. తరువాత ప్రభుత్వమే ఇంటింటికీ పొలం అప్పగించే పద్ధతిని దేశమంతటా తెచ్చింది. ఫ్యాక్టరీల కంటే ముందు గింజ ఉంది. ఆ గింజను చూసినవారెందరు?

నేను చైనాకు భజన చేస్తున్నానని అనుకోకండి. 2020లో గల్వాన్ లోయలో మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు ప్రాణాలర్పించారు. అది మరిచిపోయేది కాదు. మన హైదరాబాదు మందుల కంపెనీలకు ముడిసరుకులో చాలాభాగం నేటికీ చైనా నుంచే వస్తోంది. అదీ మరిచిపోయేది కాదు. అయితే కోపం వేరు, తెలుసుకోవడం వేరు. ఎదుటివాణ్ణి ఎదిరించాలన్నా, వాడితో బేరమాడాలన్నా ముందు వాడేమిటో తెలియాలి కదా!

పాశ్చాత్యులను తప్పుపట్టడం తేలికే. మరి మనమో? చైనా భాష నేర్చుకున్నవాడు మన కాలేజీలో నాకింతవరకూ తారసపడలేదు. నా సంగతీ అంతే. పైన రాసినదంతా నేను ఇంగ్లీషులో చదివి తెలుసుకున్నదే. అంటే నేనూ గట్టు మీదే నిలబడి ఉన్నాను, అదీ పరాయివాడి గట్టు మీద!

దిగేదెప్పుడు?